సోమవారం పనికి, శనివారం రోడియోకి



అమెరికాలో ఒక ఆట ఉంది. అందులో ఆడేవాడికి జీతం లేదు. నెలనెలా ఇంత అని ఇచ్చే యజమాని లేడు. దారి ఖర్చు వాడిదే. తిండి ఖర్చు వాడిదే. అంతటితో అయిపోలేదు. బరిలోకి దిగాలంటే ముందుగా వాడే డబ్బు కట్టాలి. గెలిస్తే నాలుగు డాలర్లు చేతికొస్తాయి. ఓడితే కట్టినవి కూడా పోతాయి. దెబ్బ తగిలితే అది అదనం.

ఆ ఆట పేరు రోడియో.

సినిమాల్లో చూసే ఉంటారు. వెడల్పాటి టోపీ పెట్టుకున్న మనిషి ఎగిరి దూకే గుర్రం మీద, ఒక చెయ్యి గాల్లో పెట్టి కూర్చుంటాడు. టీవీలో ఛాంపియన్లను చూపిస్తారు. బంగారు రంగు బకిల్ ఉన్న బెల్టు, చుట్టూ కెమెరాలు, లాస్ వేగస్ దీపాలు. ఈ పూట నేను చెప్పబోయేది వాళ్ల గురించి కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వెల్డింగ్ పని చేసుకునేవాడు, గుర్రాలకు నాడాలు కొట్టేవాడు, బడిలో పాఠాలు చెప్పేవాడు, వాళ్ల గురించి. అలాంటివాడు శనివారం సాయంత్రం అదే టోపీ పెట్టుకుని అదే బరిలోకి వెళ్తాడు. వాడికి ఈ ఆటలో చోటుందా? ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న కుర్రాడు ఏ తలుపు తట్టాలి? అదీ మనం మాట్లాడుకోబోయే విషయం.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. రోడియోలో పోటీలు రెండు రకాలు. ఒక రకంలో జంతువు మీద కూర్చోవాలి. ఎనిమిది సెకన్లు. అంతే, ఎనిమిది సెకన్లు పడిపోకుండా ఉండాలి. జీను లేని గుర్రం మీద ఒక పోటీ, జీను ఉన్న గుర్రం మీద ఒకటి, ఎద్దు మీద ఒకటి. రెండో రకంలో గడియారంతో పోటీ. పరిగెత్తే దూడకు తాడు విసిరి పట్టుకుని కాళ్లు కట్టడం, ఇద్దరు కలిసి ఒక కోడెను పట్టడం, గుర్రం మీంచి కోడె కొమ్ముల మీదికి దూకి దాన్ని పడగొట్టడం, మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పుకుని రావడం. ఎవరు తక్కువ సమయంలో చేస్తే వాళ్లది గెలుపు.

వీటిలో చాలా వరకు పశువుల రాంచ్‌లలో రోజూ చేసే పనులే. మెక్సికో పశుపాలకుల దగ్గర నేర్చుకున్న పనులు. పని అయ్యాక, నీకంటే నేను బాగా చేస్తానని పందెం వేసుకున్నారు. ఆ పందెమే పెరిగి ఆటైంది. ఎద్దు సవారీ మాత్రం వేరు. ఏ రాంచ్‌లోనూ ఎద్దునెక్కితే తప్ప జరగని పని లేదు. అది శుద్ధ మొండితనం కోసం పెట్టిన పోటీ. జనం ఎక్కువగా చూసేది కూడా దాన్నే.

సరే, డబ్బు కట్టి ఆడటం ఏమిటని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. దాని వెనక ఒక కథ ఉంది.

1936లో బోస్టన్ నగరంలో పెద్ద రోడియో జరిగింది. కౌబాయ్‌లు కట్టే ప్రవేశ రుసుము అంతా నిర్వాహకుడి దగ్గరికే పోయేది. బహుమతి సొమ్ము మాత్రం చాలా తక్కువ. అందరూ కలిసి ఎంత గెలిచినా, వచ్చిన ఖర్చులకే చాలని పరిస్థితి. మేం కట్టిన రుసుమును బహుమతి సొమ్ములో కలపండి, లేకపోతే ఆడం అన్నారు కౌబాయ్‌లు. సమ్మె చేశారు. బరిలోంచి బయటికి నడిచారు. చివరికి నిర్వాహకుడు దిగొచ్చాడు. అప్పుడే వాళ్లొక సంఘం పెట్టుకున్నారు. దానికి పెట్టిన పేరు వింటే మీరు నవ్వుతారు. కౌబాయ్‌ల తాబేళ్ల సంఘం. కదలడానికి ఆలస్యం చేశాం గానీ, చివరికి మెడ బయటపెట్టాం కదా అని వాళ్ల మీద వాళ్లే వేసుకున్న జోకు. ఆ తాబేళ్ల సంఘమే 1945లో పేరు మార్చుకుంది. 1975లో మళ్లీ మార్చుకుని ప్రొఫెషనల్ రోడియో కౌబాయ్స్ అసోసియేషన్ అయింది. పొట్టిగా పీఆర్‌సీఏ అంటారు. కొలరాడో స్ప్రింగ్స్‌లో దాని కార్యాలయం.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఈనాటికీ కౌబాయ్ డబ్బు కట్టే ఆడతాడు. అయితే ఆ డబ్బు బహుమతి సొమ్ములో కలుస్తుంది. పదిమంది కట్టిన దాన్ని, పైగా ఊరి కమిటీ వేసిన దాన్ని, నలుగురైదుగురు గెలుచుకుపోతారు. మిగతావాళ్లు ఉత్త చేతులతో ఇంటికి పోతారు.

ఇప్పుడు మన కొత్త కుర్రాడి దగ్గరికి వద్దాం.

వయసు పద్దెనిమిది నిండాలి. పీఆర్‌సీఏకు దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, ముందు ఒక పర్మిట్ తీసుకుంటాడు. పర్మిట్ అంటే పూర్తి సభ్యత్వం కాదు. నువ్వు వచ్చి ఆడొచ్చు, నీలో సరుకుందో లేదో చూద్దాం అని చెప్పే కాగితం. ఆ పర్మిట్ మీద ఆడుతూ 1000 డాలర్లు గెలవాలి. ఒకే చోట గెలవక్కర్లేదు. ఇక్కడ రెండొందలు, అక్కడ నూటయాభై, అలా కూడబెట్టుకోవచ్చు. వెయ్యి నిండితే, పర్మిట్ నింపాడు అంటారు. అప్పుడు కార్డుకు అర్హుడు. కార్డు కొనుక్కున్న మొదటి ఏడాది వాడు రూకీ. దేశం మొత్తం మీద ఆ ఏటి కొత్తవాళ్లలో ఎక్కువ గెలిచినవాడికి ఒక్కో పోటీలో రూకీ బిరుదు ఇస్తారు.

మళ్లీ చెబుతున్నాను. ముందు పర్మిట్. పర్మిట్ మీద వెయ్యి డాలర్లు. తర్వాత కార్డు. సిఫారసు అక్కర్లేదు. ఎవరి కొడుకువని అడగరు. నువ్వెక్కడ చదివావని అడగరు. వెయ్యి డాలర్లు గెలిచావా లేదా, అంతే. ఇంత సూటిగా ఉండే గుమ్మం ఆటల ప్రపంచంలో ఎక్కువ చోట్ల కనబడదు.

పర్మిట్ కంటే ముందు నేర్చుకోవడానికీ దారులున్నాయి. హైస్కూలు రోడియోలున్నాయి. కాలేజీ రోడియోలున్నాయి. కాలేజీ విద్యార్థుల జాతీయ ఫైనల్స్ వయోమింగ్‌లోని క్యాస్పర్ ఊళ్లో జరుగుతాయి. ఇంకా వారాంతపు బడులున్నాయి. రిటైరైన రౌతులు రెండు మూడు రోజులు శిబిరం పెట్టి నేర్పిస్తారు. ముందు కదిలే యంత్రం మీద, తర్వాత కాస్త నెమ్మదస్తురాలైన జంతువు మీద, ఆ తర్వాత అసలు దాని మీద. నెమ్మదస్తురాలు అన్నానని ధైర్యపడకండి. దాని దృష్టిలో మనం బరువే.

మరి కొత్తవాడు ఏ పోటీ ఎంచుకోవాలి? ఇక్కడ జేబు మాట్లాడుతుంది. తాడు విసిరే పోటీకి మంచి గుర్రం కావాలి. గుర్రాన్ని తీసుకెళ్లడానికి ట్రైలర్ కావాలి. ట్రైలర్‌ను లాగడానికి పెద్ద పికప్ బండి కావాలి. మేత, మందులు, నాడాలు. వారమంతా పనిచేసినా గుర్రానికి ఉదయం సాయంత్రం చూడాలి. అదే ఎద్దు సవారీ వాడికయితే ఒక సంచీ చాలు. తాడు, గ్లౌవు, ముళ్లబూట్లు, రక్షణ చొక్కా. జంతువును నిర్వాహకులే తెస్తారు. నలుగురు కుర్రాళ్లు ఒక కారులో, నాలుగు సంచులు వెనక పడేసి, పెట్రోలు ఖర్చు పంచుకుని పోతారు. అందుకే డబ్బులేని కుర్రాళ్లు చాలామంది మొదట ఎద్దు మీదికో గుర్రం మీదికో ఎక్కుతారు. డబ్బు మిగులుతుంది. ఎముకలు మిగలవు.

గుర్రం లేనివాడికి ఇంకో సదుపాయముంది. కోడెను పడగొట్టే పోటీలో, మంచి గుర్రం ఉన్నవాణ్ని అడిగి, వాడి గుర్రమెక్కి ఆడొచ్చు. గెలిస్తే అందులో వాటా ఇవ్వాలి. పక్కనే ఇంకో గుర్రం మీద పరిగెత్తుతూ కోడె పక్కకు పోకుండా చూసే సహాయకుడికీ వాటా ఇవ్వాలి. వింతేమిటంటే, ఆ గుర్రం యజమాని కూడా అదే పోటీలో ఉంటాడు. తనతో పోటీపడేవాడికి తన గుర్రాన్నే ఇస్తాడు.

ఆ సాయం అక్కడితో ఆగదు. ఎవరికి ఏ జంతువు అన్నది లాటరీలో తేలుతుంది. ఫలానా గుర్రం వచ్చిందని తెలియగానే, మనవాడు ఫోను తీస్తాడు. ఆ గుర్రాన్ని ఇదివరకు ఎక్కినవాడికి చేస్తాడు. అన్నా, అదెలా దూకుతుంది? గేటు తీయగానే కుడికి తిరుగుతుంది, మూడో దూకుడుకు ఆగినట్టు చేస్తుంది, మోసపోకు అని అవతలివాడు చెబుతాడు. అదే రోజు అదే సొమ్ము కోసం తనూ పోటీలో ఉన్నా చెబుతాడు. రోడియోలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

జంతువు ముఖ్యం ఎందుకో చెప్పాలి. ఎద్దు సవారీలోనూ గుర్రపు సవారీలోనూ మొత్తం మార్కులు 100. అందులో సగం రౌతుకు. సగం జంతువుకు. అవును, జంతువుకు కూడా మార్కులేస్తారు. అది ఎంత ఎగిరి దూకితే, ఎంత గిరగిరా తిరిగితే, అంత ఎక్కువ. కాబట్టి మెతక ఎద్దు వస్తే నువ్వెంత బాగా కూర్చున్నా మార్కులు రావు. మొండి ఎద్దు వస్తే కూర్చోవడమే కష్టం. మా ప్రకాశం, గుంటూరు వైపు బండలాగుడు పందేల్లో ఎడ్లు ఎంత సత్తువ చూపిస్తే మనిషికి అంత పేరు. ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, అక్కడ ఎద్దు మన మాట వింటుంది.

ఆ ఎద్దుల సంగతి వచ్చింది గనక ఒకటి చెప్పకుండా ఉండలేను. రోడియో ఎద్దులకు చాలా వాటికి మూపురం ఉంటుంది. చూడగానే ఎక్కడో చూసినట్టుంటుంది. చూసినదే. అమెరికా బ్రాహ్మన్ జాతి పశువులు భారతదేశం నుంచి వెళ్లిన జాతులతో తయారైనవి. గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ జాతులు. వాటితో పాటు మన ఒంగోలు జాతి. అక్కడ దాన్ని నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. వేడిని తట్టుకుంటాయని, జబ్బులకు లొంగవని తెప్పించుకున్నారు. ఆ రక్తం రోడియో ఎద్దుల్లో కలిసింది. టెక్సాస్‌లో ఓ కౌబాయ్‌ని ఆకాశంలోకి విసిరేసే ఎద్దుకు, ఎన్నో తరాల వెనక, మన వైపు బంధుత్వం ఉండొచ్చన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. కార్డు వచ్చింది. తర్వాతేమిటి?

పై మెట్టు లాస్ వేగస్‌లో జరిగే నేషనల్ ఫైనల్స్ రోడియో. 1959లో డాలస్‌లో మొదలైంది, 1985లో వేగస్‌కు చేరింది. డిసెంబరులో పది రాత్రులు. ఒక్కో పోటీలో, ఆ ఏడాది ఎక్కువ డబ్బు గెలిచిన మొదటి 15 మందికే ప్రవేశం. పదిహేను మంది. పదహారోవాడు టీవీలో చూడాలి.

ఆ పదిహేను మందిలో ఉండాలంటే ఏం చెయ్యాలి? ఏడాది పొడుగునా రోడ్డు మీద ఉండాలి. పొద్దున ఒక రాష్ట్రంలో, రాత్రి ఇంకో రాష్ట్రంలో. జూలై నాలుగు చుట్టుపక్కల వారం పది రోజులు ఎన్నో ఊళ్లలో ఒకేసారి రోడియోలుంటాయి. కౌబాయ్ క్రిస్మస్ అంటారు దాన్ని. రాత్రంతా బండి నడిపి, తెల్లారి ఒక చోట ఎక్కి, దిగి, మళ్లీ బండెక్కుతారు. ఉద్యోగం ఉన్నవాడికి ఇది కుదిరే పని కాదు. భార్యా పిల్లలున్నవాడికి, మేపాల్సిన పశువులున్నవాడికి అసలు కుదరదు.

ఈ మాట సంఘానికీ తెలుసు. అందుకే 1975లో ఒక ఏర్పాటు చేసింది. దేశాన్ని పన్నెండు ప్రాంతాలుగా విడగొట్టింది. ఒక్కో ప్రాంతాన్ని సర్క్యూట్ అంటారు. టెక్సాస్ ఒక సర్క్యూట్. మోంటానా ఒకటి. న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా లాంటి ఈశాన్య రాష్ట్రాలు కలిపి ఒకటి. కౌబాయ్ తన ఇంటి సర్క్యూట్ ఏదో ముందే చెప్పాలి. ఆ సర్క్యూట్ లోపల గెలిచిన సొమ్ము మాత్రమే ఆ లెక్కలోకి వస్తుంది. ఏడాది చివర ఒక్కో పోటీలో మొదటి పన్నెండు మందికి సర్క్యూట్ ఫైనల్స్. అక్కడి నుంచి ఛాంపియన్లకు దేశమంతటి సర్క్యూట్లు కలిసే జాతీయ ఫైనల్స్. ఆ జాతీయ ఫైనల్స్ 1987లో ఐడహో రాష్ట్రం పోకటెల్లోలో మొదలయ్యాయి. తర్వాత వేరే ఊళ్లు తిరిగి, 2022లో కొలరాడో స్ప్రింగ్స్‌కు చేరాయి.

ఇందులో ఒక కిటుకుంది. నెమ్మదిగా చెబుతాను, వినండి. మన ఊరి దగ్గర రోడియోకు ప్రపంచ ఛాంపియన్ వచ్చాడనుకోండి. రావొచ్చు, ఎవరూ ఆపరు. వచ్చి మొదటి బహుమతి పట్టుకుపోయాడనుకోండి. మనవాడికి డబ్బు నష్టమే. కానీ ఆ ఛాంపియన్ ఇంటి సర్క్యూట్ వేరు. కాబట్టి ఇక్కడ గెలిచిన సొమ్ముతో వాడు ఇక్కడి పట్టికలో ఎక్కలేడు. మనవాడు మూడో బహుమతి తెచ్చుకున్నా, ఇక్కడి పట్టికలో వాడికి దక్కాల్సిన స్థానం దక్కుతుంది. డబ్బు పట్టుకుపోవచ్చు. స్థానం పట్టుకుపోలేడు. శనివారం కౌబాయ్‌కి ఆసరా ఇదే.

అలాంటివాడి వారం ఎలా ఉంటుందో చూద్దాం. ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. పేరు వద్దు. పెన్సిల్వేనియాలో ఎక్కడో వెల్డింగ్ షాపులో పని. ఇరవై మూడేళ్లు. సోమవారం నుంచి పనిలో ఉంటాడు. మధ్యలో ఒక రోజు రోడియోల్లో పేరు నమోదు చేసే కేంద్ర కార్యాలయానికి ఫోను చేసి ఫలానా రోడియోలో నన్ను వేసుకోండి అంటాడు. తర్వాత తన రోజు, తన జంతువు ఏమిటో తెలుసుకుంటాడు. శనివారం వస్తే అదృష్టం. గురువారం వస్తే సూపర్‌వైజర్‌ దగ్గర తల గోక్కుంటూ నిలబడాలి.

గురువారం ఎందుకు వస్తుందంటారా? పెద్ద రోడియోల్లో పేరిచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. జనం చూసే రెండు గంటల ప్రదర్శనలో అందరికీ చోటుండదు. మిగిలినవాళ్లను వేరే రోజు పొద్దున్నే గానీ, ప్రదర్శన అయిపోయాక అర్ధరాత్రి గానీ ఆడిస్తారు. దాన్ని స్లాక్ అంటారు. ముఖ్యంగా తాడు పోటీలవాళ్లు, పీపాల పోటీ ఆడవాళ్లు ఇందులో ఎక్కువ. గ్యాలరీలు ఖాళీ. సంగీతం లేదు. చప్పట్లు లేవు. కుర్చీ మీద కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్న ఒక భార్య, నిద్రమత్తులో ఒక పిల్లాడు. గడియారం మాత్రం అదే. బహుమతి సొమ్ము అదే. పొద్దున ఏడింటికి ఎవరూ చూడకుండా కట్టిన దూడ, రాత్రి పదివేల మంది ముందు కట్టిన దూడను ఓడించొచ్చు.

సరే, మన వెల్డర్‌కు శనివారమే వచ్చింది. మధ్యాహ్నం స్నేహితులతో బయల్దేరాడు. వెళ్లేది న్యూజెర్సీ. అవును, న్యూజెర్సీయే. మన తెలుగువాళ్లు వీధికొకరున్న న్యూజెర్సీ. ఆ రాష్ట్రం దక్షిణాన పైల్స్‌గ్రోవ్ అనే చోట కౌటౌన్ రోడియో జరుగుతుంది. 1955 నుంచి వేసవి వచ్చిందంటే ప్రతి శనివారం రాత్రి అక్కడ రోడియోయే. పీఆర్‌సీఏ గుర్తింపు ఉన్న రోడియో. అంటే వారంలో ఐదు రోజులు పనిచేసినవాడు శనివారం అక్కడికెళ్లి, సర్క్యూట్ లెక్కలో పడే సొమ్ము గెలుచుకుని, ఆదివారం ఇంట్లో భోంచేయొచ్చు. ఉద్యోగం చేసుకునే కౌబాయ్‌కి ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు ఎక్కడుంది?

అక్కడ బరి వెనక ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఇనుప గొట్టాలతో కట్టిన ఇరుకు గది. దాన్ని ఛూట్ అంటారు. లోపల ఎద్దు. ఏడెనిమిది వందల కిలోలు. మనవాడు మణికట్టుకు టేపు చుట్టుకుంటాడు. గ్లౌవు వేసుకుని, జిగురు పొడి చల్లిన తాడు మీద చేతిని పైకీ కిందికీ గట్టిగా రుద్దుతాడు. ఆ వేడికి పొడి కరిగి తాడు అంటుకుంటుంది. తాడు కింద ఒక గంట వేలాడుతుంది. శబ్దం కోసం అనుకోవద్దు. చెయ్యి వదలగానే ఆ బరువుకు తాడు జారి కింద పడాలి, అందుకు. గేటు మీంచి మెల్లగా ఎద్దు వీపు మీదికి దిగుతాడు. ఎద్దు పక్కకు ఒరిగి కాలిని ఇనుపగొట్టానికి నొక్కుతుంది. పక్కనున్నవాడు చొక్కా పట్టుకుని ఉంటాడు. తాడు బిగించి, అరచేతి చుట్టూ చుట్టి, పిడికిలిని ఇంకో చేత్తో గుద్ది మూస్తాడు. ముందుకు జరుగుతాడు. గడ్డం కిందికి దించుతాడు. తల ఊపుతాడు. తల ఊపడమే సంకేతం. గేటు తెరుచుకుంటుంది.

రెండో చెయ్యి గాల్లోనే ఉండాలి. ఎద్దుకు తగిలినా, తనకు తగిలినా పోయినట్టే. ఎనిమిది సెకన్లకు గంట మోగుతుంది. ఆ తర్వాతే అసలు కష్టం. దిగాలి. ఎద్దు మాత్రం ఆట అయిపోయిందని ఆగదు. అందుకే ఇద్దరు మనుషులు ఎద్దుకు ఎదురుగా పరిగెత్తి దాని చూపు తమ మీదికి తిప్పుకుంటారు. ఆ ఇద్దరే లేకపోతే ఈ ఆటే లేదు.

ప్రమాదం మాట దాటవేయకూడదు. 1989 జూలై 30న వయోమింగ్‌లోని షయాన్‌లో లేన్ ఫ్రాస్ట్ అనే ప్రపంచ ఛాంపియన్ ఎనిమిది సెకన్లూ చక్కగా పూర్తిచేశాడు. కిందికి దిగాక ఎద్దు కొమ్ముతో వీపు మీద కొట్టింది. అక్కడే ప్రాణం పోయింది. పాతికేళ్ల వయసు. ఆ తర్వాత అతని స్నేహితుడు, తోటి రౌతు కోడీ లాంబర్ట్ రక్షణ చొక్కా తయారుచేశాడు. ఈ రోజు ఎద్దెక్కే కుర్రాడెవడూ ఆ చొక్కా లేకుండా కనబడడు. అయినా ప్రమాదం పోలేదు. పెద్ద రౌతుకు చెయ్యి విరిగితే ఆ ఏడాది ఆట పోతుంది. మన వెల్డర్‌కు చెయ్యి విరిగితే సోమవారం నుంచి కూలీ కూడా పోతుంది. ఇది కొత్తవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట.

జంతువుల మీద హింస అన్న విమర్శ కూడా ఉంది. ముఖ్యంగా దూడకు తాడు వేసి పడగొట్టే పోటీ మీద. నియమాలున్నాయి, పశువైద్యులుంటారు, జంతువును గాయపరిస్తే శిక్షలున్నాయి అని సంఘం చెబుతుంది. ఎద్దు, గుర్రం విషయంలో నాకంత అభ్యంతరం లేదు, అవి మనిషి కంటే బాగా తమను తాము చూసుకుంటాయి. దూడ పోటీ చూడటం మాత్రం నాకు ఇష్టముండదు.

ఎముకలు విరగ్గొట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకు, వయసు మీరినవాళ్లకు ఇంకో పెద్ద దారుంది. టీమ్ రోపింగ్. ఇద్దరు గుర్రాల మీద ఉంటారు. ఒకరు కోడె కొమ్ములకు తాడు వేస్తారు. ఇంకొకరు వెనక కాళ్లకు వేస్తారు. నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో ఉన్నవాళ్లు కూడా ఆడతారు. ఇక్కడ 1990లో ఒక మంచి పద్ధతి వచ్చింది. ప్రతివాడి ప్రతిభకూ ఒక అంకె ఇస్తారు. కొత్తవాడికి చిన్న అంకె, మొనగాడికి పెద్ద అంకె. ఇద్దరి అంకెలూ కలిపి ఇంత దాటకూడదని ఒక్కో పోటీకి హద్దు పెడతారు. అంటే కొత్తవాడు కొత్తవాళ్లతోనే పోటీపడతాడు. లేదా ఒక మొనగాణ్ని జతకట్టుకుని, ఇద్దరి అంకె హద్దులో ఉంటే ఆడతాడు. పళ్ల డాక్టరు, బండ్లు అమ్మేవాడు, రైతు, అందరూ వస్తారు. డిసెంబరులో, నేషనల్ ఫైనల్స్ జరిగే రోజుల్లోనే వేగస్‌లోనే వీళ్లకూ వేరే ఫైనల్స్ జరుగుతాయి. అక్కడ బహుమతులు చిన్నవేం కావు. డబ్బు కోణంలో చూస్తే, ఉద్యోగమున్న మనిషికి సర్క్యూట్ కంటే ఇదే మేలని చెప్పేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది.

ఆడవాళ్ల సంగతి మరిచిపోలేదు. 1948లో టెక్సాస్‌లోని శాన్ ఆంజెలోలో కొందరు రాంచ్ ఆడవాళ్లు తమకంటూ సంఘం పెట్టుకున్నారు. పీపాల పోటీని పెద్ద రోడియోల్లో భాగం చేసింది వాళ్లే. బ్రేక్‌అవే రోపింగ్ అనే తాడు పోటీకి 2020లో మొదటిసారి జాతీయ ఫైనల్స్ పెట్టారు. ఇందులో దూడ మెడకు తాడు పడి బిగియగానే, తాడును జీనుకు కట్టిన దారం తెగిపోతుంది. దూడను పడగొట్టరు. నాకు దూడ పోటీ ఇష్టం లేదన్నానే, ఇది మాత్రం హాయిగా చూస్తాను.

ఇక చివరి మాట డబ్బు గురించి. మళ్లీ మొత్తం ఒకసారి అనుకుందాం. పర్మిట్, వెయ్యి డాలర్లు, కార్డు. దగ్గరలో ఉన్న రోడియోలతో సర్క్యూట్. ఆ మీద సర్క్యూట్ ఫైనల్స్. ఇదంతా చేసినా శనివారం కౌబాయ్‌కి ఏడాది చివర మిగిలేది ఎంత? చాలామందికి ఏమీ మిగలదు. ప్రవేశ రుసుము, పెట్రోలు, మోటల్ గది, మందులు. గెలిచిన దానికీ ఖర్చుకూ సరిపోతే మంచి ఏడాది కింద లెక్క. ఉద్యోగం మానేసి దీని మీద బతుకుదామనుకునే కుర్రాళ్లకు అక్కడి పెద్దవాళ్లు చెప్పే సలహా ఒకటే. ముందు సర్క్యూట్‌లో రెండు మూడేళ్లు ఆడు, ఉద్యోగం ఉంచుకో. అక్కడ గెలవలేనివాడు రోడ్డు మీద గెలవడు. నా దృష్టిలో సర్క్యూట్ ఏర్పాటు చేసిన గొప్ప మేలు ఇదే. ఓడిపోయే కుర్రాణ్ని ఇంటికి దగ్గరలోనే ఓడిస్తుంది. అప్పు చేసి, పెళ్లాం పిల్లల్ని వదిలి, రెండువేల మైళ్ల అవతల ఓడిపోకుండా కాపాడుతుంది.

మీలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. వేసవిలో వాళ్ల దగ్గరికి వెళ్తారు. న్యూజెర్సీ వైపయితే ఓ శనివారం సాయంత్రం కౌటౌన్‌కు తీసుకెళ్లమని అడగండి. డాలస్ వైపయితే ఫోర్ట్‌వర్త్‌లోని స్టాక్‌యార్డ్స్‌కు వెళ్లండి, అక్కడ వారాంతాల్లో రోడియో ఉంటుంది. ఛూట్‌లకు దగ్గరగా కూర్చోండి. గేటు తెరుచుకోకముందు ఐదు నిమిషాలు ఆ కుర్రాళ్ల చేతులను చూడండి. పేరు ప్రకటించేటప్పుడు వాళ్ల ఊరు కూడా చెబుతారు. ఊరు విని, వీడు సోమవారం ఏ పని చేస్తాడో పక్కవాణ్ని అడగండి. తెలిసినవాడు తప్పకుండా ఒకడుంటాడు, ఆపకుండా చెబుతాడు.